కట్టని మేడ కిటికీలోంచి

విశాఖపట్నంలో సముద్రం దాపున స్థలం కొన్నవాళ్లు కైలాసగిరి ఎక్కితే చాలు, ఊరూ తీరమూ ఒక్క చూపులో అందుతాయి. నెల్లూరు తీరంలో అలా ఎక్కి చూడడానికి కొండ లేదు. జువ్వలదిన్నె నుంచి కృష్ణపట్నం దాకా నేలంతా చదునే. మైపాడు ఇసుకలో నిలబడి పడమటికి తిరిగితే సరుగుడు తోపు అడ్డం. తోపు దాటితే రొయ్యల గుంటల గట్లు, ఇంకా లోపలికి పోతే బకింగ్‌హాం కాలువ, వరి పొలాలు. దేని ముందు నిలబడితే అదే కనిపిస్తుంది, దాని వెనకున్నది కనిపించదు.

ఇలాంటి చోట మేడ కట్టాలనుకున్న ఆసామి ఆర్కిటెక్టును ముందుగా అడిగే మాట ఒకటే: "మూడో అంతస్తు బాల్కనీలో నిలబడితే సముద్రం కనబడుతుందా సార్?" ఒకప్పుడు శ్లాబు పడేదాకా ఈ ప్రశ్నకు నమ్మదగ్గ జవాబు ఉండేది కాదు. ఇప్పుడు పావు కిలో బరువు కూడా లేని డ్రోన్ ఆ బాల్కనీ రాబోయే చోటికే ఎగిరి, గాలిలో నిలబడి, ఫొటో తీసి ఇస్తుంది. ఆ ఫొటోలో కంప్యూటర్ మీద మేడను నిలబెడితే త్రీడీ వ్యూ తయారవుతుంది. వ్యాపారులు దాన్ని హోర్డింగు మీదికి ఎక్కించి ఫ్లాట్లు అమ్ముకుంటారు, అది వేరే సంగతి. అసలు స్థలానికి సరిపోయే బొమ్మ గీయడం ఈ యంత్రం చేతికి వచ్చాకే మామూలు ఆఫీసులకు కుదిరింది. నాకు దీనిమీద ఇంత ఇష్టం అందుకే.

ఈ బొమ్మ వెనక కథ 1858లో మొదలవుతుంది. ఆ ఏడాది రెండు దేశాల్లో ఒకరినొకరు ఎరగని ఇద్దరు మనుషులకు రెండు ఆలోచనలు వచ్చాయి. పారిస్ ఫొటోగ్రాఫర్ నాడార్ గాలిబుడగ ఎక్కి పైనుంచి ఫొటో తీయబోయాడు. అప్పటి గాజు పలకలకు తడి రసాయనం పూసి, అది ఆరకముందే ఫొటో తీసి, అక్కడికక్కడే కడగాలి. అందుకని బుట్టలోనే చీకటి గది కట్టుకున్నాడు. ఎన్నిసార్లు ఎక్కినా పలకలు నల్లగా మాడినట్టు వచ్చేవి. బుడగ మూతిలోంచి కారే గ్యాసే రసాయనాన్ని పాడుచేస్తోందని చివరికి తెలిసింది. గ్యాసు దారి మూసేసి తీస్తే పెతీ బిసెత్ర్ అనే పల్లె ఇళ్లు పలక మీద పడ్డాయి. ఆ ఫొటో ఇప్పుడు లేదు. మిగిలినవాటిలో అన్నిటికన్నా పాతది 1860లో జేమ్స్ వాలెస్ బ్లాక్ బుడగ మీదినుంచి తీసిన బోస్టన్ నగరం.

అదే 1858లో జర్మనీలోని వెట్స్‌లార్ పట్టణంలో ఆల్‌బ్రెక్ట్ మైడెన్‌బావర్ అనే యువ ఆర్కిటెక్టు ఒక పెద్ద చర్చి కొలతలు తీసుకుంటున్నాడు. చాలా ఎత్తున గోడవార పనిచేస్తూ కాలు జారి, వెంట్రుకవాసిలో ప్రాణం దక్కించుకున్నాడు. గోడ పట్టుకుని వేలాడే బదులు ఫొటోలోంచే కొలతలు రాబట్టకూడదా అనుకున్నాడు. లెన్సు ఎక్కడుందో, ఎటు చూస్తోందో తెలిస్తే ఫొటోలోని ప్రతి చుక్కనూ లెన్సులోంచి బయటికి సాగే ఒక గీతగా లెక్కకట్టవచ్చు. అదే మూలను మరో చోటినుంచి తీసిన ఫొటోలో చూస్తే మరో గీత వస్తుంది. రెండు గీతలూ కలిసే చోటే ఆ మూల. 1885లో బెర్లిన్‌లో ఈ పనికే ప్రభుత్వ సంస్థ వెలిసింది. అది వేల గాజు పలకల మీద భవనాలను భద్రపరిచింది. యుద్ధాల్లో దెబ్బతిన్న కట్టడాలను మళ్లీ నిలబెట్టడానికి ఆ పలకలు పనికొచ్చాయి.

మైడెన్‌బావర్ ఉన్న భవనాన్ని ఫొటోలోంచి గీతల్లోకి దించాడు. త్రీడీ వ్యూ చేసేవాళ్లు గీతల్లో ఉన్న భవనాన్ని ఫొటోలోకి ఎక్కిస్తారు. లెక్క అదే, తిరగేసి చేస్తారంతే. ఆ లెక్కకు కావలసినవి కూడా అవే: లెన్సు ఎక్కడుంది, ఎంత ఎత్తున ఉంది, ఎటు తిరిగి ఎంత వంగి చూస్తోంది.

ఆ తరవాత కెమెరాను పైకి పంపడానికి మనుషులు చాలా పాట్లు పడ్డారు. 1888లో ఆర్థర్ బాట్యూ అనే ఆయన గాలిపటానికి కట్టాడు. నాయ్‌బ్రోనర్ అనే జర్మన్ మందుల దుకాణదారుడు 1908 నాటికి పావురాల ఛాతీకి తగిలించాడు. గాలిపటం గాలి చెప్పినట్టు వింటుంది, పావురం తన గూటి దారి పడుతుంది. ఫలానా చోట, ఫలానా ఎత్తున ఆగమంటే ఆగేది అప్పటికి ఏదీ లేదు.

అలా ఆగగలిగే నాలుగు రెక్కల యంత్రం అదే కాలంలో, 1907లో, ఫ్రాన్సులో పుట్టింది. బ్రేగే సోదరులతో కలిసి దాన్ని చేసినవాడు షార్ల్ రిషే. తరవాత 1913లో వైద్యంలో నోబెల్ అందుకున్న రిషే ఈయనే. ఆ యంత్రం నేలమీంచి రెండడుగులు లేచింది. అదీ నలుగురు మనుషులు నాలుగు మూలలా పట్టుకుంటేనే. 1922లో అమెరికాలో బోతెజాట్ అనే ఆయన యంత్రం నిమిషంన్నర పైగా గాలిలో నిలిచింది. 1924 మేలో ఫ్రాన్సులో ఎమిషెన్ అనే ఆయన తన యంత్రంలో కిలోమీటరు చుట్టు తిరిగి వచ్చాడు. అక్కడితో ఆ వంశం దాదాపు ఆగిపోయింది.

ఈ నాలుగు రెక్కల యంత్రంలో రెండు రెక్కలు గడియారం దిశలో, రెండు ఎదురు దిశలో తిరుగుతాయి కాబట్టి ఒకదాని మెలిక ఇంకోదానితో చెల్లిపోతుంది. తోక రెక్క అక్కర్లేదు. వెనక రెండూ వేగం పుంజుకుంటే ముందుకు వంగి సాగుతుంది. ఒక దిశవి రెండూ పుంజుకుంటే ఉన్నచోటే పక్కకు తిరుగుతుంది. ఇంతకన్నా సులువైన ఎగిరే యంత్రం ఊహించలేం. చిక్కల్లా నిలకడ దగ్గరే. ఏ క్షణానికా క్షణం ఒరిగిపోతూనే ఉంటుంది, ఏ క్షణానికా క్షణం సర్దాలి. మనిషి చేతికి అంత చురుకుదనం లేదు.

ఆ చురుకుదనం ఎనభై ఏళ్ల తరవాత సెల్‌ఫోన్లూ ఆటబొమ్మల పుణ్యమా అని వచ్చింది. గోరంత చిప్‌లో సన్నటి సిలికాన్ ముక్క ఎప్పుడూ ముందుకూ వెనక్కూ కంపిస్తూ ఉంటుంది. చిప్ తిరిగితే ఆ ముక్క పక్కకు జరుగుతుంది. ఎంత జరిగిందో కొలిస్తే ఎంత తిరిగిందో తెలుస్తుంది. ఈ చిప్‌లను లక్షల్లో తయారుచేసి నింటెండో వీ ఆట పరికరాల్లో కూడా పెట్టారు. డ్రోన్ పిచ్చి ఉన్న కుర్రాళ్లు 2009 తరవాత ఆ పరికరాలు కొని, విప్పి, చిప్ బయటికి తీసి తమ యంత్రాల్లో బిగించుకున్నారు. నిలకడ లెక్క చేసే ప్రోగ్రాంకు మల్టీవీ అని పేరు పెట్టుకుని అందరికీ పంచారు. చిప్ సెకనుకు వందలసార్లు ఒరుగు చూస్తుంది, ప్రోగ్రాం అన్నిసార్లూ మోటార్లను సర్దుతుంది. యంత్రం ఎక్కడుందో చెప్పే జీపీఎస్ అంతకుముందే కుదురుకుంది: 2000 మే నెలలో అమెరికా ప్రభుత్వం ఆ సంకేతాలను కావాలని చెడగొట్టడం మానేసింది. దాంతో పదుల మీటర్ల తప్పు కొద్ది మీటర్లకు దిగింది. తేలికపాటి లిథియం బ్యాటరీ, బ్రష్ లేని మోటారు తోడయ్యాయి. 2013లో డీజేఐ కంపెనీ ఫాంటమ్‌తో పెట్టెలోంచి తీసి ఎగరేసే డ్రోన్ బజారుకొచ్చింది.

మన దేశంలో చాలామంది ఈ యంత్రాన్ని మొదట తెర మీద చూశారు. 2009లో వచ్చిన హిందీ సినిమా 3 ఇడియట్స్‌లో ఎగిరింది ఐడియాఫోర్జ్ కంపెనీ వాళ్లు చేసిన నాలుగు రెక్కల డ్రోనే. చూడ్డానికి బాగానే ఉన్నా మామూలు మనిషికి అనుమతి రావడానికి చాలా కాలం పట్టింది. 2014 అక్టోబరులో పౌర విమానయాన సంస్థ డీజీసీఏ పౌరుల డ్రోన్లను ఆపేసింది. 2018 డిసెంబరులో తలుపు కొద్దిగా తెరిచారు. 2021 ఆగస్టు నాటి డ్రోన్ నిబంధనలతో దారి సుగమమైంది. ఇప్పుడు 250 గ్రాముల దాకా నానో, 2 కిలోల దాకా మైక్రో. ప్రభుత్వ డిజిటల్ స్కై మ్యాపులో ఆకుపచ్చగా ఉన్నచోట 120 మీటర్ల వరకు ఎగరేయవచ్చు. 2019లో వచ్చిన ఒక బుల్లి డ్రోన్‌ను సరిగ్గా 249 గ్రాములకు కుదించారు, అది కూడా ఇలాంటి చట్టాల గీత దాటకూడదనే. నెల్లూరు వాళ్లు మాత్రం ఆ మ్యాపు చూడకుండా బ్యాటరీ పెట్టకూడదు. దక్షిణాన శ్రీహరికోట రాకెట్ కేంద్రం ఉంది, అక్కడ వినోదానికైనా వ్యాపారానికైనా డ్రోన్ మాటే ఎత్తకూడదు. కృష్ణపట్నం రేవు, నేలటూరు విద్యుత్ కేంద్రం ఉన్నాయి. పులికాట్, నేలపట్టు పక్షులు చెదిరిపోయేలా ఒక్క ఫొటో తీసినా అది తప్పే.

సైటు మీద పని ఎలా జరుగుతుందో దగ్గరినుంచి చూద్దాం. ఈ తీరంలో డ్రోన్ ఎగరేసేది ఎక్కువగా పెళ్లి షూటింగులు చేసే కుర్రాళ్లే. వాళ్లు ముందు చేసే పని ఇసుక మీద టార్పాలిన్ పట్ట పరవడం. మోటార్లలో అయస్కాంతాలుంటాయి. మన తీరపు ఇసుకలో ఇనుము పాలున్న నల్ల రేణువులుంటాయి. రెక్కల గాలికి లేచిన ఇసుకలోంచి ఆ రేణువులు నేరుగా వెళ్లి అయస్కాంతాలకు అంటుకుంటాయి. ఉప్పుగాలి సంగతి సరేసరి, ఇంటికి వెళ్లాక మోటార్లు తుడవకపోతే తుప్పు తప్పదు.

తరవాతది ఎత్తు. డ్రోన్ తెరమీద చూపించే ఎత్తు ఎక్కువగా గాలి పీడనం నుంచి వస్తుంది. మీటరు పైకి పోతే పీడనం 12 పాస్కల్‌ల చొప్పున తగ్గుతుంది. ఆ లెక్క ఎగిరిన చోటినుంచి మొదలవుతుంది. స్థలం పల్లంలో ఉండి, కుర్రవాడు పక్కనున్న రెండు మీటర్ల గట్టుమీంచి ఎగరేశాడంటే, తెరమీద 12 అని ఉన్నప్పుడు స్థలం మట్టానికి అది 14. అంతస్తులో మూడింట రెండు వంతుల తేడా! బేస్‌మట్టం 1.4 మీటర్లు, మూడు అంతస్తులు 9 మీటర్లు, నిలబడ్డ మనిషి కన్ను 1.6 మీటర్లు, మొత్తం 12. మూడో అంతస్తు బాల్కనీ చూపు అదే. రెండు మీటర్ల తేడాతో తీసిన ఫొటో ఆసామికి లేని సముద్రాన్ని చూపిస్తుంది.

ఈ తప్పును పట్టుకోవడానికి నెల్లూరు తీరంలో ఉన్నంత మంచి కొలబద్ద సముద్రం లేని ఊళ్లలో దొరకదు. అది సముద్రం మీది క్షితిజ రేఖ. కెమెరా ఏ ఎత్తున ఉంటే క్షితిజం ఆ ఎత్తులోనే కనబడుతుంది. ఫొటోలో ఆ గీత ఏ కొబ్బరి చెట్టు మానును ఎక్కడ కోసిందో, ఆ చెట్టు మట్టం స్థలంతో సమానమైతే, అక్కడ మాను ఎత్తే కెమెరా ఎత్తు. 12 మీటర్ల దగ్గర భూమి గుండ్రదనం వల్ల వచ్చే తేడా డిగ్రీలో పదోవంతు మాత్రమే. కాబట్టి గీతకన్నా పైకి కనిపించే సరుగుడు చెట్లు బాల్కనీకన్నా ఎత్తైనవి, అవి సముద్రాన్ని కమ్మేస్తాయి. గీతకు దిగువనే ఆగిపోయినవి కమ్మవు. ఇసుకలో నిలబడ్డ మనిషికి క్షితిజం నాలుగున్నర కిలోమీటర్ల దూరంలో ఉంటుంది. ఆ బాల్కనీలోంచి చూస్తే పన్నెండు కిలోమీటర్లు దాటుతుంది. అయితే ఈ తోపులు కాగితం మిల్లుకో కట్టెలకో నాలుగైదేళ్లకు నరికి మళ్లీ నాటే పంట. ఫొటో చెప్పే జవాబు ఆ తోపు వయసును బట్టి కూడా మారుతుంది. అది ఆసామికి ముందే చెప్పాలి.

వెలుతురుకూ గాలికీ ఇక్కడ పొత్తు కుదరదు. పొద్దున గాలి పడి ఉంటుంది, డ్రోన్ హాయిగా నిలబడుతుంది. కానీ సూర్యుడు సముద్రం మీదే ఉండడంతో అటు తీసిన ఫొటో తెల్లబారిపోతుంది. మధ్యాహ్నం సూర్యుడు వీపు వెనక్కి వస్తాడు, నీలం నీలంగా పడుతుంది. ఈలోగా సముద్రపు గాలి అందుకుంటుంది, చిన్న డ్రోన్ దానితో పోరాడుతూనే బ్యాటరీ తగలేసుకుంటుంది. అందుకే మేడ ముఖాన్ని సముద్రం వైపునుంచి చూపించే ఫొటోలు ఉదయం, బాల్కనీ చూపులు మధ్యాహ్నం గాలి ఇంకా ముదరకముందు తీస్తారు. తీసిన టైము తప్పకుండా రాసుకుంటారు. కంప్యూటర్‌లోని మేడ నీడ, ఫొటోలోని తాటిచెట్టు నీడ ఒకే వైపు పడకపోతే సామాన్యుడి కంటికి కూడా ఏదో తేడా కొడుతుంది.

చుట్టుపక్కలనంతా త్రీడీలో తయారుచేయాలంటే మైడెన్‌బావర్ గీతలే మళ్లీ దిగుతాయి, ఈసారి కోట్లలో. డ్రోన్ వరసలు వరసలుగా తిరుగుతూ, ఒక ఫొటో పక్క ఫొటోను ముప్పాతిక వంతు కప్పేలా వందల ఫొటోలు తీస్తుంది. అంగుళం సెన్సరున్న 20 మెగాపిక్సెల్ కెమెరా 100 మీటర్ల ఎత్తునుంచి నేలను ఒక్కో చుక్కకు మూడు సెంటీమీటర్ల లోపు చొప్పున చూస్తుంది. రెండు ఫొటోల్లోనూ ఒకే గుర్తును పోల్చుకుని కంప్యూటర్ గీతలు కలుపుతుంది. మెట్ట ఊళ్లలో ఇది ఇట్టే అయిపోతుంది. రొయ్యల గుంటల మధ్య మాత్రం కంప్యూటర్ తెల్లమొహం వేస్తుంది. గుంటలో నీటికి గాలి పట్టించే ఏరేటర్లు తిరుగుతుంటే నీటి మీద ఒక ఫొటోలో ఉన్న తళుకు ఇంకో ఫొటోలో ఉండదు. పోల్చుకోవడానికి గుర్తే లేకపోయేసరికి గుంట స్థానంలో బొక్కలూ గుట్టలూ పుట్టుకొస్తాయి. కొందరు ఆ బొక్కలను పచ్చికతో పూడ్చేసి బొమ్మ అమ్ముతారు. అది అబద్ధం. ఆ ఇంట్లో ఉండబోయేవాడు రాత్రీ పగలూ వినేది ఆ ఏరేటర్ల చప్పుడే. గుంటను గుంటగానే గీయాలి.

దూరాన్ని కూడా కెమెరా దాచగలదు. తీరంలో కట్టడాలకు 1991 నుంచి చట్టం ఉంది. 2019 నోటిఫికేషన్ ప్రకారం జనం పలచగా ఉన్న పల్లె తీరాల్లో పోటు గీతనుంచి మొదటి 200 మీటర్లలో కొత్త కట్టడం కూడదు. ఆ గీతను నిర్ణయించేది ప్రభుత్వం గుర్తించిన సంస్థలే, డ్రోన్ కాదు. కానీ దూరంనుంచి పొడుగు లెన్సుతో తీస్తే 200 మీటర్ల ఇసుక మడత పడి అలలు గుమ్మంలోకి వచ్చినట్టుంటుంది. అదే స్థలాన్ని నిట్టనిలువుగా పైనుంచి తీసి, పోటు గీతనూ 200 మీటర్ల గీతనూ దాని మీద గీసి చూపిస్తే మోసానికి తావుండదు. ఆ ఒక్క ఫొటో ఇవ్వని ఆఫీసుకు అడ్వాన్సు ఇవ్వకూడదని నా అభిప్రాయం.

ఒక కోరిక కూడా ఉంది. హోర్డింగుల మీది బొమ్మలన్నీ ఎండాకాలంవే: పొడి ఇసుక, తేటనీలం ఆకాశం. నెల్లూరుకు పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. 2021 నవంబరులో పెన్నా పొంగి పడుగుపాడు దగ్గర రైలు పట్టాల మీదికి వచ్చింది. తీరపు పల్లాల్లో ఆ నెలల్లో నీళ్లెక్కడ నిలుస్తాయో ఏప్రిల్ ఫొటో చెప్పదు. డ్రోన్ తీసిన ప్రతి ఫొటోలోనూ అక్షాంశ రేఖాంశాలు, ఎత్తు, కెమెరా ఎటు తిరిగి ఎంత వంగి ఉందో అంకెల్లో దాగి ఉంటాయి. ఆ అంకెలే మళ్లీ ఇస్తే నవంబరు వాయుగుండం దాటిన వారంలో అదే యంత్రం, కొద్ది మీటర్ల తేడాతో, అదే చోట నిలబడి అదే వైపు చూస్తుంది. ఏప్రిల్ ఫొటోలో ఒకసారి, నవంబరు ఫొటోలో ఒకసారి అదే మేడను నిలబెట్టి, రెండు బొమ్మలూ ఆసామి ముందు పెట్టి, అప్పుడు బేస్‌మట్టం ఎంత లేపాలో అడగాలి.