క్లౌను చేపల జత

మన ప్రొద్దుటూరునకు సముద్రము దూరము. బోరునీటిలో వంటయుప్పు కలిపినంతమాత్రమున సముద్రజలము కానేరదు. అందు మెగ్నీషియము, కాల్షియము మొదలగునవియు నుండవలెను. కనుక అంగళ్లలో దొరకు సముద్రలవణమిశ్రమమునే శుద్ధజలమున కరగింపవలెను.

తెచ్చిన చేపను సంచితోకూడ పావుగంట తొట్టిలో తేల్చి, పిదప నొక పాత్రలోనికి మార్చి, సన్నని గొట్టముతో తొట్టినీటిని బొట్టుబొట్టుగా సుమారొక గంటసేపు కలుపవలెను. ఇచ్చట తొందర ప్రాణాంతకము.

ఇక జత. పిల్లచేపలలో ఆడుదానిని ఏరి తెమ్మనుట వ్యర్థము. ఇవి మొదట మగవిగానే పెరుగును. గుంపులో పెద్దది ఆడుదగును, దాని తరువాతిది మగడగును. ఆడుది చచ్చినచో ఆ మగడే ఆడుదగును! కావున ఒకటి పెద్దది, ఒకటి చిన్నది తెచ్చుట మేలు. రెండును పెద్ద ఆడుచేపలైనచో చచ్చువరకు పోరాడవచ్చును. చిన్నది పెద్దదాని యెదుట ఒరిగి వణకినచో లొంగినదని గుర్తు. ఆ వణకు రోగమని భ్రమించి నేను తొలిసారి వానిని వేరుచేసితిని.