షర్బత్‌లో ఏ ఐసు వేయాలి? ఇంటి ట్రే ఐసుకూ, ఫ్యాక్టరీ గడ్డకూ తేడా తెలుసుకుందాం

కళ్యాణదుర్గంలో మార్చి దాటిందంటే మధ్యాహ్నం ఎండ 40 డిగ్రీలకు చేరువవుతుంది. ట్యాంకు నీళ్లు కొళాయి తిప్పితే వేడిగానే వస్తాయి. ఇంటికి చుట్టం వస్తే ముందు అడిగేది ఐసే. ఇంట్లో ఉర్దూ మాట్లాడేవాళ్లు బరఫ్ అంటారు, బజారుకు వస్తే అదే ఐసు అవుతుంది. ఇఫ్తార్ షర్బత్‌కైనా, పెళ్లిలో నిమ్మరసానికైనా, పిల్లలకు నన్నారి కలిపి ఇవ్వడానికైనా అది కావాల్సిందే.

ఐసు అంతా ఒకటే కదా అని చాలామంది అనుకుంటారు. కాదు. కొన్ని రకాలు త్వరగా చల్లబరుస్తాయి, కొన్ని ఎక్కువసేపు నిలుస్తాయి. కొన్నింటిని అసలు గ్లాసులో వేయకూడదు.

గడ్డకడితే క్రిములు చస్తాయా?

చావవు. మొదట తెలుసుకోవాల్సింది ఇదే. చల్లదనానికి క్రిములు పెరగడం ఆగిపోతుంది, అంతే. చాలా రకాలు బతికే ఉంటాయి. ఐసు కరిగి షర్బత్‌లో కలవగానే మళ్లీ లేస్తాయి. టైఫాయిడ్, కలరా, నీళ్ల విరేచనాలు, కామెర్లు తెచ్చే హెపటైటిస్-ఎ వైరస్, ఇవన్నీ మురికి నీళ్లతో చేసిన ఐసు ద్వారా కూడా వస్తాయి. నిమ్మకాయ పిండాం కదా, పులుపుకు చస్తాయిలే అనుకోవడమూ పొరపాటే. గ్లాసులో పడే ఆ కాస్త పులుపును నమ్ముకోలేం.

కాబట్టి ఐసు అంటే గడ్డకట్టిన తాగునీళ్లు అనుకోవాలి. ఏ నీళ్లు గ్లాసులో పోసి పిల్లవాడి చేతికి ఇస్తారో, అవే నీళ్లు ట్రేలో పోయాలి. తాగడానికి క్యాన్ నీళ్లు తెచ్చుకుని, ఐసుకు మాత్రం కొళాయి నీళ్లు పట్టే ఇళ్లు ఉన్నాయి. అలా చేస్తే క్యాన్‌కు పెట్టిన డబ్బు వృథా.

అనంతపురం జిల్లాకు ఇంకో సంగతి ఉంది. ఇక్కడ చాలా ఊళ్ల బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువ. మన దేశ ప్రమాణం ప్రకారం తాగునీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము మించకూడదు. వేరే నీళ్లు దొరకని చోట 1.5 మిల్లీగ్రాముల వరకు ఒప్పుకుంటారు. నీళ్లు కాచినా ఫ్లోరైడ్ పోదు. ట్రేలో గడ్డకట్టించినా పోదు, అందులోనే చిక్కుకుని ఉండి కరిగాక కడుపులోకి వస్తుంది. కాచడం క్రిములకు మందు, ఫ్లోరైడ్‌కు కాదు.

ఇంటి ట్రే ఐసు

ఫ్రిజ్ ట్రేలో ఒక ముక్క సుమారు 20 గ్రాములు ఉంటుంది. ఫ్రీజర్ బాగా పనిచేస్తుంటే నాలుగైదు గంటల్లో గడ్డకడుతుంది. కరెంటు పోతూ వస్తూ ఉన్నా, పిల్లలు తలుపు ఊరికే తీస్తున్నా ఇంకా ఆలస్యమవుతుంది. అందుకే సాయంత్రం ఇఫ్తార్‌కు ఐసు కావాలంటే రాత్రే ట్రే పెట్టడం మంచిది.

ముక్క మధ్యలో తెల్లగా ఉంటే నీళ్లు చెడ్డవని కాదు. నీళ్లు చుట్టూ ముందు గడ్డకట్టి, కరిగి ఉన్న గాలిని, లవణాలను మధ్యకు నెడతాయి. అక్కడ చిన్న చిన్న బుడగలు చిక్కుకుని తెల్లగా కనిపిస్తాయి. ఉప్పదనం, సున్నం ఎక్కువున్న నీళ్లయితే ఐసు కరిగాక గ్లాసు అడుగున తెల్లటి పొట్టు కూడా తేలుతుంది. అది ఎక్కువగా సున్నమే, దానికి భయపడనక్కరలేదు. అలాగని అద్దంలా మెరిసే ఐసు శుభ్రమైనదనీ కాదు. మెరుపు చూసి నీళ్లు మంచివో కావో చెప్పలేం.

దంచిన ఐసు

ఐసును గుడ్డలో చుట్టి రోకలితో దంచితే పొడిలా అవుతుంది. పొడి అయ్యేసరికి నీళ్లను తాకే భాగం పెరుగుతుంది, షర్బత్ నిమిషంలో చల్లబడుతుంది. కానీ అంతే త్వరగా కరిగి రుచిని పలచన చేస్తుంది. వెంటనే తాగేదానికి, చిక్కగా కలిపినదానికి ఇది సరిపోతుంది. దంచిన ఐసు వేసేటప్పుడు షర్బత్‌లో చక్కెర, నిమ్మ ఒక పాలు ఎక్కువే కలుపుకోవాలి.

ఒక జాగ్రత్త. దంచే గుడ్డ ఉతికినదై ఉండాలి. వంటింట్లో చేతులు తుడుచుకునే గుడ్డలో చుట్టి దంచితే, క్యాన్ నీళ్లతో ఐసు చేసి లాభం లేదు.

పెద్ద గడ్డ

గడ్డ పెద్దదయ్యే కొద్దీ నెమ్మదిగా కరుగుతుంది. 20 మందికి జగ్గులో షర్బత్ కలిపి గంటసేపు చల్లగా ఉంచాలంటే ముక్కల కంటే ఒకే పెద్ద గడ్డ మేలు. దానికి బజారుకు పోనక్కరలేదు. శుభ్రమైన స్టీలు డబ్బాలో ముప్పావు వంతు వరకు తాగునీళ్లు పోసి ముందురోజు సాయంత్రం ఫ్రీజర్‌లో పెడితే, ఇఫ్తార్ వేళకు గడ్డ సిద్ధం. నిండుగా పోయకూడదు. నీళ్లు గడ్డకట్టినప్పుడు దాదాపు పదో వంతు ఉబ్బుతాయి, మూత లేచిపోతుంది. గాజు సీసా అయితే పగులుతుంది.

ఫ్యాక్టరీ ఐసు, బండి ఐసు

పెళ్లికి, దావత్‌కు అందరూ కొనేది ఈ పెద్ద గడ్డలే. ఐసు ఫ్యాక్టరీలో ఉప్పునీళ్ల తొట్టి ఉంటుంది. ఆ ఉప్పునీళ్లను సున్నా కంటే బాగా కిందికి చల్లబరుస్తారు. అందులో నీళ్లు నింపిన పొడుగాటి ఇనుప డబ్బాలు దించుతారు. లోపలి నీళ్లు గంటల తరబడి నెమ్మదిగా గడ్డకడతాయి. డబ్బా తుప్పు పట్టితే ఆ తుప్పు గడ్డకు అంటుతుంది. డబ్బాకు చిల్లి పడితే ఉప్పునీళ్లు లోపలికి చేరతాయి. గడ్డ బయటికి వచ్చాక నేలమీద ఈడుస్తారు, గోనెసంచిలోనో రంపపు పొట్టులోనో చుట్టి ఆటోలో వేస్తారు.

ఈ ఐసు చాలాచోట్ల చేపలు, మాంసం, పాలు చెడిపోకుండా పెట్టడానికే తయారవుతుంది. ఆ పనికి అది చాలు. తాగే గ్లాసులో వేయడానికి చాలదు. అందుకే తినడానికి పనికిరాని ఐసును గుర్తుపట్టేలా నీలిరంగు కలపాలని మహారాష్ట్ర ఆహార భద్రతాధికారులు 2018లో ఆదేశించారు. కేంద్ర ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ కూడా అలాంటి ఐసులో 10 పీపీఎం మించకుండా నీలిరంగు వాడాలని చెప్పింది. తాగే ఐసుకు రంగు ఉండకూడదు. కాబట్టి నీలంగా కనిపించే ఐసును షర్బత్‌లో వేయనే కూడదు. తెల్లగా ఉంది కదా, తాగేదేలే అని కూడా నమ్మకూడదు. రంగు కలపని చోట్లూ ఉంటాయి.

పెద్ద ఊళ్లలో కవర్లలో దొరికే ట్యూబ్ ఐసు మధ్యలో బొక్కతో గొట్టంలా ఉంటుంది. అది తాగడానికే చేసినదైతే కవరు మీద తయారీదారు పేరు, ఎఫ్ఎస్ఎస్ఏఐ లైసెన్సు నంబరు ఉండాలి. కవరు సీలు విప్పి విడిగా అమ్మితే దాని మీద నమ్మకం పోయినట్టే.

కొన్న గడ్డను ఎలా వాడాలి?

వంద మంది వచ్చే దావత్‌కు ఇంటి ఫ్రిజ్ ఐసు చాలదు. అలాంటప్పుడు ఒకటే సూత్రం: ఐసు బయట, షర్బత్ లోపల. పెద్ద టబ్బులో కొన్న ఐసు పగలగొట్టి వేసి, దాంట్లో షర్బత్ పాత్రను మూతపెట్టి నిలబెట్టాలి. ఐసుకు గుప్పెళ్లకొద్దీ కల్లుప్పు చల్లితే ఇంకా చల్లబడుతుంది. ఉప్పు కలిసిన ఐసు సున్నా డిగ్రీల కంటే కిందికి పోతుంది, కుల్ఫీ గడ్డకట్టేది ఆ చలికే. టబ్బు నీళ్లు పాత్రలోకి చిందకుండా, గరిటె టబ్బులో పడకుండా చూసుకుంటే చాలు.

ఇది పాత పద్ధతే. అక్బర్ కాలంలో సురేకారం కలిపిన నీళ్లలో తాగునీటి పాత్రను తిప్పి చల్లబరిచేవారని అబుల్ ఫజల్ ఐన్-ఇ-అక్బరీలో రాశారు. చల్లబరిచేది బయటే ఉండేది, తాగే నీళ్లు దాన్ని తాకేవి కావు.

కుండ చేసే సాయం

ఐసు ఎంత కావాలో చిన్న లెక్క. ఒక గ్రాము ఐసు కరగడానికి 80 కెలోరీల వేడి తీసుకుంటుంది. ఫ్రీజర్ చలిని, కరిగిన నీళ్ల చలిని కూడా కలిపితే గ్రాముకు 95 కెలోరీల దాకా అవుతుంది. 36 డిగ్రీలున్న 250 మిల్లీలీటర్ల నీళ్లను 10 డిగ్రీలకు తేవాలంటే దాదాపు 70 గ్రాముల ఐసు కావాలి. అంటే మూడు నాలుగు ముక్కలు.

అవే నీళ్లు ముందు మట్టికుండలో ఉంటే? కళ్యాణదుర్గం ఎండ పొడిది. కుండ చెమ్మ త్వరగా ఆరి నీళ్లు బాగా చల్లబడతాయి. ఉక్కపోసే సముద్రతీరపు ఊళ్లలో కుండ ఇంత బాగా పనిచేయదు. కుండ నీళ్లు 26 డిగ్రీలకు దిగాయనుకుంటే గ్లాసుకు రెండు ముక్కలు చాలు. 5 లీటర్ల జగ్గుకు కిలో 350 గ్రాములు పట్టే చోట 850 గ్రాములతో సరిపోతుంది. షర్బత్ పలచనా కాదు. ఇంటి ఐసు సరిపోతే బజారు గడ్డ కొనే అవసరమే రాదు.

ఒకే ఫ్రీజర్‌లో మాంసం, ఐసు

2026, 2027 రెండేళ్లూ బక్రీద్ మే నెలలోనే. ఎండాకాలం కాబట్టి ఖుర్బానీ మాంసంతో ఫ్రీజర్ నిండుతుంది, ఐసు ట్రే కూడా అక్కడే ఉంటుంది. పచ్చిమాంసం నీళ్లు ఒక్క చుక్క ట్రేలో పడినా ఆ ఐసు పారేయాల్సిందే. మాంసాన్ని మూత గట్టి డబ్బాల్లో పెట్టి కింద ఉంచాలి, ఐసు ట్రే మూతతో పైన ఉండాలి. మాంసం ముట్టిన చేతులను సబ్బుతో కడిగాకే ట్రే తీయాలి. కరెంటు చాలాసేపు పోయి మాంసం కరిగి నీళ్లు కారితే, మూత లేని ట్రేలోని ఐసు మళ్లీ గడ్డకట్టినా వాడకూడదు.

పాత ఫ్రిజ్‌లలో ఫ్రీజర్ గోడలకు మంచు పేరుకుంటుంది. పిల్లలు దాన్ని చెంచాతో గీకి గ్లాసులో వేసుకుంటారు. అది తాగే ఐసు కాదు. ఫ్రిజ్‌లోని గాలి తేమ గోడకు పట్టి గడ్డకట్టినది, లోపలి వాసనలన్నీ దానికి ఉంటాయి. కత్తితో గీకితే గోడలోని గ్యాసు గొట్టానికి చిల్లి పడి ఫ్రిజ్జే పోతుంది.

గ్లాసులో పడేదాకా

ఐసు ముక్కలను చేత్తో తీయకుండా చెంచాతోనో పట్టకారతోనో తీయాలి. ట్రేను వారానికి ఒకసారి సబ్బుతో కడగాలి. వారాలకొద్దీ ఉన్న ఐసుకు ఉల్లి, చేపల వాసన పడుతుంది. అలాంటిది మొక్కలకు పోసి కొత్తది పెట్టుకోవడం మంచిది.

ఇంట్లో ఎవరైనా రోజూ ఐసు నములుతుంటే అలవాటేలే అని వదిలేయకూడదు. ముఖ్యంగా ఆడవాళ్లలో, పిల్లల్లో ఈ కోరిక ఒంట్లో ఇనుము తగ్గినందుకు కూడా కలుగుతుంది. ఆసుపత్రిలో రక్తపరీక్ష చేయిస్తే తెలిసిపోతుంది.

దస్తర్‌ఖాన్ మీద షర్బత్ పెట్టేటప్పుడు చుట్టం అడగడు, ఈ ఐసు ఏ నీళ్లతో చేశారని. నమ్మి తాగుతాడు. ఆ జవాబు పెట్టేవాళ్లకు ముందే తెలిసి ఉండాలి.