సంవత్సరానికి ఒక మెట్టు: ప్రాథమిక పాఠశాలలో తెలుగు చదువుకు లక్ష్యములు

జనవరిలో బడులు తెరచినప్పుడు ప్రతి ప్రాథమిక పాఠశాలలోను ఒక ప్రశ్న వస్తుంది: ఈ సంవత్సరము పిల్లలు ఎంతవరకు రావలెను? దీనికి ఉపాధ్యాయుడు వ్రాసుకొనే జవాబే సాంవత్సరిక లక్ష్యము. మన మారిషస్ బడులలో ఇంగ్లీషు, ఫ్రెంచి, గణితములకు ఈ లక్ష్యములను శ్రద్ధగా ఆలోచిస్తారు. తెలుగు ఐచ్ఛిక భాష. కనుక దాని వంతు వచ్చేసరికి "అందరు పాసు కావలెను" అని వ్రాసి ఊరుకొనే వారున్నారు. ఆ మాట మంచిదే కాని చాలదు. ఎందుకు చాలదో, దాని బదులు ఏమి వ్రాసుకొనవలెనో ఈ వ్యాసములో వివరిస్తాను.

కోరంగి మొదలగు తీరముల నుండి చెరకు తోటలకు వచ్చిన మన పూర్వులకు మాట ఇంటిలోనే ఉండేది. వారికి కావలసినది అక్షరము మాత్రమే. నేడు మన ఇండ్లలో వినబడేది ఎక్కువగా క్రియోల్. పిల్లవానికి తెలుగు దొరికేది బడిలో, మందిరములో, సాయంకాలపు తరగతిలో. ఆరు సంవత్సరములు తెలుగు చదివిన పిల్లవాడు ఉగాది ఆహ్వానపత్రము చేతికిస్తే చదువలేకపోయినాడని అనుకొనండి. తల్లిదండ్రులు ఏమనుకొంటారు? రెండవ బిడ్డను బడిలో చేర్చునప్పుడు "తెలుగు ఎందుకు?" అంటారు. తరగతులు మూతపడేది ఇట్లే.

పరీక్ష సంగతి చూద్దాము. 2016 వరకు మనకు సి.పి.ఇ. పరీక్ష ఉండేది. 2017 నుండి ఆరవ తరగతి చివర పి.ఎస్.ఎ.సి. వచ్చినది. పరీక్ష అవసరమే. కాని పాసు సంఖ్య ఒక్కటే లక్ష్యమైతే రెండు నష్టములున్నవి. మొదటిది, పాఠములోని జవాబులు కంఠస్థము చేసి మార్కులు తెచ్చుకొన్న పిల్లవాడు తాను చూడని వాక్యము ఎదురైతే ఆగిపోతాడు. రెండవది, ఉపాధ్యాయుని దృష్టి పాసు గీతకు కొంచెము దిగువనున్న నలుగురైదుగురి మీదనే నిలుస్తుంది. బాగా వెనుకబడినవాడు ఎట్లాగు పాసు కాడని, ముందున్నవాడు ఎట్లాగు పాసవుతాడని, ఇద్దరినీ వదలివేయటము జరుగుతుంది.

కాబట్టి లక్ష్యము పరీక్ష వైపు నుండి గాక, పిల్లవాడు ఇప్పుడు నిలిచియున్న చోటు నుండి మొదలు కావలెను. తెలుగు చదువుటలో నాలుగు మెట్లు పెట్టుకొనవచ్చును. ఒకటవది, అచ్చులు, హల్లులు గుర్తుపట్టుట. రెండవది, గుణింతముతో కూడిన చిన్న మాటలు చదువుట. మూడవది, "చెట్టు", "పుస్తకము" వంటి ఒత్తుల మాటలు చదువుట. నాల్గవది, ఇంతకుముందు చూడని అయిదు వాక్యములు చదివి, ఒక ప్రశ్నకు స్వంత మాటలలో జవాబు చెప్పుట. బడి తెరచిన మొదటి రెండు వారములలో ఒక్కొక్కరిని దగ్గరకు పిలిచి రెండు నిమిషములు చదివిస్తే ఎవరు ఏ మెట్టు మీద ఉన్నారో తెలిసిపోతుంది.

ఉదాహరణకు మూడవ తరగతిలో ఇరువదిమంది ఉన్నారనుకొందాము. అయిదుగురికి అక్షరములు ఇంకా రాలేదు. తొమ్మిదిమంది ఒకటవ మెట్టు మీద, నలుగురు రెండవ మెట్టు మీద, ఇద్దరు మూడవ మెట్టు మీద ఉన్నారు. ఈ తరగతికి లక్ష్యము: "అక్టోబరు నెలాఖరుకు ప్రతి ఒక్కరు కనీసము ఒక మెట్టు ఎక్కవలెను." ఇందులో వెనుకబడినవానికీ పని ఉన్నది, ముందున్నవానికీ పని ఉన్నది. వదలివేయబడినవాడు ఎవడును లేడు.

లక్ష్యమును వ్రాసే తీరు కూడ ముఖ్యము. "తెలుగుపై అభిమానము పెంచుట" అని వ్రాస్తే అది నెరవేరినదో లేదో ఎవరు చెప్పగలరు? "ఒత్తులున్న పది కొత్త మాటలలో ఎనిమిదింటిని తప్పు లేక చదువుట" అని వ్రాస్తే ఎవరైనా పరీక్షించి చూడవచ్చును. ఇటువంటివి సంవత్సరానికి రెండో మూడో చాలును. పది వ్రాస్తే ఒక్కటీ గుర్తుండదు.

మన బడి సంవత్సరములో మూడు టర్ములున్నవి. మొదటి టర్ము తుఫానుల కాలము. 2024లో బెలాల్ తుఫాను వచ్చినది జనవరి మధ్యలోనే. అందుచేత ఆ టర్ములో పాతది గట్టిపరచుటకే ఎక్కువ సమయము పెట్టి, పెద్ద అడుగును రెండవ టర్ముకు ఉంచుట మేలు. మూడవ టర్ము చదివినదానిని మళ్ళీ చదివించుటకు, వెనుకబడినవారిని కలుపుకొనుటకు. ఒక నోటుపుస్తకములో పిల్లవానికి ఒక పుట చొప్పున కేటాయించి, టర్ముకు ఒకసారి తేదీ వేసి అతడున్న మెట్టు వ్రాస్తే చాలును.

టర్ము చివర మెట్టు ఎక్కని పిల్లలు కొందరు ఉంటారు. అప్పుడు లక్ష్యమును తగ్గించరాదు, కారణము వెదకవలెను. క్రియోల్ మాట్లాడే పిల్లవానికి త, ట ల భేదము, ద, డ ల భేదము చెవికి అలవాటు లేదు. "పాదు", "పాడు" అతనికి ఒకటిగానే వినబడవచ్చును. "పలు", "పాలు" అన్నప్పుడు దీర్ఘము జారిపోవచ్చును. అట్టివానికి ఇంకొక పాఠము చెప్పి లాభము లేదు. ముందు ఈ మాటల జంటలను వినిపించి, పలికించి, తరువాత చదివించవలెను.

ఇందులో తల్లిదండ్రులకూ వంతు ఉన్నది. "మాకే అక్షరములు రావు, మేమేమి చేయగలము?" అని వెనుకాడవద్దు. రోజుకు అయిదు నిమిషములు బిడ్డను బిగ్గరగా చదువుమని కూర్చొని వినండి. నాయనమ్మకో అమ్మమ్మకో నోటికి వచ్చిన రామభజన ఉంటే, దానిని వ్రాయించి బిడ్డచేత చదివించండి. ఎక్కడ తడబడినాడో ఆమె చెవి పట్టుకొంటుంది. టర్ము చివర ఉపాధ్యాయుని కలిసినప్పుడు "ఎన్ని మార్కులు?" అని అడిగిన తరువాత "ఏ మెట్టు మీద ఉన్నాడు?" అని కూడ అడుగండి.

సంవత్సరానికి ఒక మెట్టు అంటే కొద్దిగానే కనబడును. ఒకటవ తరగతిలో అక్షరములతో మొదలుపెట్టిన బిడ్డ ఏటికి ఒకటి చొప్పున ఎక్కినా నాల్గవ తరగతి ముగిసేసరికి కొత్త వాక్యములు చదువగలడు. ఇంకా రెండు సంవత్సరములు చేతిలో ఉంటవి; ఆ రెండేండ్లు కథలకు, ఉత్తరములకు, మాట్లాడుటకు. రాబోవు జనవరిలో మన ఉపాధ్యాయులు, తల్లిదండ్రులు కలిసి కూర్చొని ఈ లెక్క ఒకసారి వేసుకొనవలెనని నా మనవి.