ఆఖరి ముద్ద ఎవరి కోసం?

ఇంట్లో పెద్దవాళ్లు అన్నం మానేస్తే మనకు కాళ్లూచేతులూ ఆడవు. ‘రెండు ముద్దలైనా తినమ్మా’ అని బతిమాలతాం. కోప్పడతాం. అయినా నోరు తెరవకపోతే డాక్టర్ దగ్గరికి పరిగెత్తి ‘పోనీ, గ్లూకోజైనా ఎక్కించండి’ అంటాం. మన ఇళ్లలో ప్రేమను చూపించేదే అన్నంతో కదా! మరి క్యాన్సర్ ముదిరిపోయో, మతిమరుపు జబ్బు చివరి దశకు చేరుకునో, ఇక కొద్దిరోజులేనని డాక్టర్లు చెప్పినప్పుడు కూడా ముక్కులోంచి గొట్టం వేయించి తిండి పెట్టాల్సిందేనా? వద్దంటే మనవాళ్లను ఆకలితో చంపినట్టేనా? ఆసుపత్రి వరండాలో నిలబడి అప్పటికప్పుడు జవాబు వెతుక్కోవడం చాలా కష్టం. అందుకే కొన్ని విషయాలు ముందుగా తెలుసుకుని ఉండటం మంచిది.

శరీరం వద్దంటున్నప్పుడు

చివరి రోజుల్లో శరీరం తన పనులను ఒక్కొక్కటిగా తగ్గించుకుంటూ వస్తుంది. పేగుల కదలిక మందగిస్తుంది. మింగే కండరాలు బలహీనపడతాయి. మూత్రపిండాలు నీటిని సరిగా బయటికి పంపలేవు. ఆకలి తగ్గిపోవటం కూడా ఇందులో భాగమే. తిండి మానేయటం వల్ల ప్రాణం పోతోందని మనం భయపడతాం. నిజానికి జబ్బు ప్రాణం తీస్తోంది కాబట్టే తిండి సయించటం లేదు.

ఈ దశలో బలవంతంగా పెట్టిన ఆహారం అరగక వాంతులవుతాయి. పొలమారి ఊపిరితిత్తుల్లోకి వెళ్తే న్యుమోనియా రావొచ్చు. ఎక్కించిన నీరు ఒంట్లో నిలిచిపోయి కాళ్లవాపు, ఆయాసం, గొంతులో గురగుర పెరగొచ్చు. పోనీ సెలైన్‌తో బలమైనా వస్తుందా? మామూలు ఉప్పు సెలైన్‌లో కేలరీలే ఉండవు. లీటరు 5 శాతం డెక్స్‌ట్రోజ్‌లో ఉండేది 50 గ్రాముల గ్లూకోజు. అంటే 200 కేలరీలు కూడా రావు.

మరి దాహం మాటేమిటి? ఈ సమయంలో ఎక్కువగా బాధించేది నోరు ఎండిపోవటం. మెత్తటి తడిగుడ్డతో గంటకోసారి నోరు తుడవటం, పెదవులకు కాస్త నెయ్యో, వ్యాజ్‌లీనో రాయటం ఎంతో హాయినిస్తాయి. తులసి తీర్థం పోసే ఆచారం మీ ఇంట్లో ఉంటే తప్పకుండా పాటించండి. కానీ స్పృహలో లేనివారికి చెంచాతో గొంతులో పోయొద్దు. నాలుక తడిపితే చాలు.

చెంచా వేరు, గొట్టం వేరు

అడిగినవారికి అన్నం, నీళ్లు అందించటం సేవ. ఎంత జబ్బు మనిషికైనా, ఎంత చివరి దశలోనైనా దాన్ని ఆపకూడదు. గొట్టం వేయటం మాత్రం చికిత్స. చికిత్స అన్నాక ప్రయోజనం, నష్టం రెండూ బేరీజు వేయాలి. వద్దనే హక్కూ రోగికి ఉంటుంది. బ్రిటన్‌లో హిల్స్‌బరో స్టేడియం తొక్కిసలాటలో మెదడు దెబ్బతిని, తిరిగి స్పృహలోకి రాని టోనీ బ్లాండ్ కేసులో అక్కడి అత్యున్నత న్యాయస్థానం 1993లో ఇదే మాట చెప్పింది. గొట్టం ద్వారా ఇచ్చే ఆహారాన్ని వైద్యంలో భాగంగానే చూసి, ఆపటానికి అనుమతించింది.

దీన్ని ఒప్పుకోని వారూ ఉన్నారు. ఎలా పెట్టినా అన్నం అన్నమేనని, ఆపటమంటే మనిషిని వదిలేయటమేనని వారి వాదన. దాన్ని తేలిగ్గా కొట్టిపారేయలేం. ముంబయి కేఈఎం ఆసుపత్రి నర్సు అరుణా శాన్‌బాగ్ 1973లో జరిగిన దాడితో మెదడు దెబ్బతిని మంచానికే పరిమితమైంది. ఆమెకు ఆహారం ఆపాలన్న పిటిషన్‌ను సుప్రీంకోర్టు 2011లో తిరస్కరించింది. ఏళ్ల తరబడి మెత్తగా చేసిన ఆహారం తినిపిస్తూ కన్నబిడ్డలా చూసుకున్న ఆసుపత్రి సిబ్బంది ఆమె బతకాలనే కోరారు. వారి మాటకే కోర్టు విలువిచ్చింది. 2015లో న్యుమోనియాతో అరుణ కన్నుమూసింది. అప్పటిదాకా ఆ సేవ ఆగలేదు. ఇక్కడ ఒక తేడా గమనించాలి. అరుణ అప్పుడు మరణశయ్య మీద లేదు. తిండి ఆపితే ఆ కారణంగానే ఆమె ప్రాణం పోయేది. గంటలో, రోజులో మిగిలిన మనిషి విషయం అలాంటిది కాదు. రెంటినీ ఒకే గాటన కట్టొద్దు.

తొందరపడొద్దు

గొట్టం తప్పనిసరిగా కావాల్సినవారూ ఉన్నారు. పక్షవాతం వచ్చి మింగలేనివారు, గొంతు క్యాన్సర్‌కు రేడియేషన్ తీసుకుంటున్నవారు గొట్టం సాయంతో కోలుకుని మళ్లీ మామూలుగా తినగలుగుతారు. తిండి మానేసిన ప్రతివారూ చివరి దశలో ఉన్నట్టు కాదు. నోటిపూత, మలబద్ధకం, కుంగుబాటు, వాడుతున్న మందులు కూడా ఆకలిని చంపేస్తాయి. ముందు వాటికి వైద్యం జరగాలి. ఖర్చుకు జడిసో, సేవ చేయలేక విసిగో తీసుకునే నిర్ణయం రోగి మేలు కోరినట్టు కాదు.

మతిమరుపు జబ్బు చివరి దశలో మాత్రం గొట్టం వేసినా ఆయుష్షు పెరుగుతుందనటానికి గానీ, న్యుమోనియా తప్పుతుందనటానికి గానీ ఆధారాల్లేవు. పైగా పీకేసుకుంటారని చేతులు కట్టేయాల్సి వస్తుంది. ఓపిగ్గా, కూర్చోబెట్టి, ఇష్టమైనది చెంచాతో కొద్దికొద్దిగా తినిపించటమే మేలని వృద్ధుల వైద్య నిపుణుల సలహా.

చట్టం ఏమంటోంది?

గౌరవంగా మరణించటం కూడా జీవించే హక్కులో భాగమేనని సుప్రీంకోర్టు 2018లో తీర్పునిచ్చింది. కోలుకోలేని స్థితికి వస్తే ఏ చికిత్సలు వద్దో ముందే రాసిపెట్టుకోవచ్చు. దీన్నే లివింగ్ విల్ అంటారు. 2023లో ఈ పద్ధతిని సులభతరం చేశారు. ఇద్దరు సాక్షుల సమక్షంలో సంతకం చేసి, నోటరీతో గానీ గెజిటెడ్ అధికారితో గానీ ధ్రువీకరించుకుంటే చాలు. ఆసుపత్రిలో ప్రాణాధార చికిత్స ఆపాలంటే మాత్రం రెండు వైద్య బృందాలు పరిశీలించాలి, కుటుంబ సభ్యులు ఒప్పుకోవాలి. ఇంజెక్షన్ ఇచ్చి ప్రాణం తీయటం మన దేశంలో నేరమే.

డాక్టర్‌ను ఇవి అడగండి

గొట్టం వేస్తే ఈ మనిషికి ఏం మేలు జరుగుతుంది? కోలుకునే అవకాశం ఉందా? కొన్నాళ్లు వేసి చూసి, ఫలితం లేకపోతే తీసేయొచ్చా? వేయకపోతే నొప్పి, ఆయాసం లేకుండా చూడటానికి ఏం చేస్తారు? ఈ చివరి ప్రశ్నకు సరైన జవాబు దొరికేది పాలియేటివ్ కేర్ నిపుణుల దగ్గర. హైదరాబాద్‌లోని ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రిలో ఈ విభాగం ఉంది.

అమెరికాలో ఉన్న కొడుకు ‘ఎంత ఖర్చయినా సరే, ట్యూబు వేయించండి’ అంటాడు. పక్కనే ఉండి చూస్తున్న కూతురు ‘ఇంకా ఎందుకురా నాన్నను కష్టపెట్టటం’ అంటుంది. ఇద్దరిదీ ప్రేమే. ఆ గొడవ తీర్చగల ఒక్క మనిషికి అప్పటికి మాట పడిపోయి ఉంటుంది. అందుకే అమ్మానాన్నలు ఆరోగ్యంగా ఉన్నప్పుడే, ఏ పండక్కో అందరూ కలిసినప్పుడు, ‘నీకలాంటి రోజొస్తే ఏం చేయమంటావు?’ అని అడగండి. అశుభమని నోరు మూయించొద్దు. వాళ్లు చెప్పింది కాగితం మీద రాసి, అందరికీ ఒక కాపీ ఇవ్వండి.