సుప్రీంకోర్టులో లైవ్ సరే, అట్రాసిటీ కేసులో రికార్డింగ్?

కోర్టు విచారణను ప్రత్యక్షంగా చూడటం ప్రజల హక్కేనని స్వప్నిల్ త్రిపాఠీ కేసులో 2018 సెప్టెంబరు 26న సుప్రీంకోర్టు ఒప్పుకుంది. రాజ్యాంగ ధర్మాసనాల విచారణలు 2022 సెప్టెంబరు 27 నుంచి ప్రసారమవుతున్నాయి. 2024 ఫిబ్రవరిలో ఎస్సీ వర్గీకరణ వాదనలను గోదావరిఖనిలో ఉన్నవాళ్లు కూడా ఫోన్లో చూడగలిగారు. కాకపోతే వాదనలన్నీ ఇంగ్లీషులోనే.

అట్రాసిటీ కేసు మొదట తేలేది మాత్రం సుప్రీంకోర్టులో కాదు, ప్రత్యేక కోర్టులో. సాక్షులను తిప్పేసే ఒత్తిళ్లన్నీ అక్కడే. అందుకే 2016 జనవరి 26న అమల్లోకి వచ్చిన అట్రాసిటీ చట్ట సవరణ, సెక్షన్ 15ఏ(10) కింద, ఈ కేసుల విచారణలన్నీ వీడియో రికార్డు చేయాలంది. రికార్డు వేరు, ప్రసారం వేరు. అదే ఊళ్లో బతకాల్సిన సాక్షి ముఖాన్ని లోకానికి చూపితే ముప్పు ఆమెకే. సాక్ష్యం రికార్డయితే ఆమె మాటను తర్వాత ఎవరూ వక్రీకరించలేరు.

పెద్దపల్లిలో అయినా, ఇంకెక్కడైనా, బాధితుల వెంట కోర్టుకు వెళ్లే మనం మొదటి వాయిదాకే ఈ రికార్డింగ్‌ను రాతపూర్వకంగా అడిగిద్దాం.