యాత్ర ఇద్దరిది, వ్రాత ఎవరిది?

పొందూరు స్టేషనులో రైలెక్కి కాశికో, ఆగ్రాకో, వీలైనచో అటుపై విమానములో లండనుకో పోయివచ్చు దంపతులు నేడు వింత కారు. తిరిగివచ్చిన పిమ్మట ఊళ్ల ముచ్చట చెప్పువాడు మాత్రము తరచు భర్తయే. ఇల్లాలు ప్రక్కన కూర్చుండి, ఆయన మరచిన పేరు అందించుచుండును. ఈ అలవాటు మన యాత్రాసాహిత్యమునకు పుట్టుకనుండియు ఉన్నది.

ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే 18న చెన్నపట్టణమునుండి కాశికి బయలుదేరి, 1831 సెప్టెంబరు 3న ఇల్లు చేరినాడు. తల్లి, కుటుంబము, పరివారము కలిసి దాదాపు నూరుమంది. తిరుగుప్రయాణములో జగన్నాథము, గంజాము దాటి, శ్రీకాకుళము మీదుగా, అనగా ఈ పొందూరు సీమ దారినే, దక్షిణమునకు సాగినాడు. ఆయన ‘కాశీయాత్రచరిత్ర’లో దారులు, ఏరులు, మజిలీలు, సరకులు దొరకు ఊళ్లు ఎంత వివరముగానో ఉన్నవి. వెంటనున్న స్త్రీల కన్నులకు గంగ ఎట్లు కనబడినదో మాత్రము వారి మాటలలో లేదు. అందుకు ఆయనను తప్పుపట్టుట న్యాయము కాదు. మిత్రుడు కోమలేశ్వరపురం శ్రీనివాస పిళ్లెకు జాబులుగా వ్రాసిన వ్రాత అది. ఆ మిత్రుడే వీరాస్వామయ్య మరణానంతరము 1838లో దానిని అచ్చువేయించినాడు.

ఆ పిదప నాలుగు దశాబ్దములు గడవకముందే, 1873లో, పోతం జానకమ్మ భర్త రాఘవయ్యతో కూడ మద్రాసునుండి ఇంగ్లండుకు ఓడ ఎక్కినది. సముద్రము దాటిన పురుషునికే కులములో చిక్కులు తప్పని కాలమది. స్త్రీ మాట చెప్పనేల! సూయజు కాలువ తెరచి అప్పటికి నాలుగేండ్లు. దానివలన ఇంగ్లండు దగ్గరయినది గాని, ఇంటి గడప దగ్గర కాలేదు. ఆ దంపతులు లండను, పారిస్ నగరములు చూచి 1874లో తిరిగివచ్చినారు.

పోయిరావడముకంటె ఆమె వ్రాయుటయే పెద్ద విశేషము. చూచినదానిని తెలుగున వ్రాసి, తానే ఆంగ్లములోనికి మార్చి, 1876లో మద్రాసున ‘పిక్చర్స్ ఆఫ్ ఇంగ్లండ్’ అను పేర ప్రకటించినది. గ్రంథకర్త్రి పేరులో జానకమ్మ ముందు, రాఘవయ్య వెనుక. అయితే ఆంగ్లము నిలిచినట్లు ఆమె తెలుగు నిలువలేదు. ఈ శతాబ్దిలో ఆ పుస్తకమును ఆంగ్లమునుండి మరల తెలుగు చేయవలసివచ్చినది. ఒక తెలుగు ఇల్లాలి మాట తెలుగువారికి పరభాష ద్వారా చేరుట మనకు గర్వింపదగిన సంగతి కాదు.

పొందూరు చుట్టుప్రక్కల బడిపిల్లలను ఉపాధ్యాయులు విహారయాత్రకు ముఖలింగమునకు తీసికొనిపోయినప్పుడు, అది గాంగుల కళింగనగరమని, వంశధార ఒడ్డున రాజధానిగా వెలసినదని చెప్పుదురు. అక్కడినుండి శ్రీకూర్మమునకు పోయినచో, మంటపస్తంభములనిండ శాసనములు. అఖండదీపమునకు దానమిచ్చిన రాణుల పేర్లు వానిలో చదువవచ్చును. ఆ రాణి ఏ దారిన, ఎన్ని మజిలీలు చేసి వచ్చినదో, దారిలో ఏమి చూచినదో శాసనము చెప్పదు.