తారానౌక గురి: కెప్టెన్ ఆజ్ఞకు భౌతికశాస్త్రం పెట్టే షరతులు

వైజ్ఞానిక కల్పనా సాహిత్యంలోనూ చలనచిత్రాల్లోనూ తరచుగా ఎదురయ్యే ఘట్టాలలో, తారానౌక కెప్టెన్ గ్రహాంతరవాసుల శత్రునౌకపై దాడికి ఆజ్ఞాపించే ఘట్టం ఒకటి. 1966లో అమెరికా టెలివిజన్‌లో మొదలైన ‘స్టార్ ట్రెక్’ ధారావాహిక ఈ ఘట్టానికి ఒక స్థిరరూపం ఇచ్చింది: కెప్టెన్ ఎదుట విశాలమైన తెర, దానిపై శత్రునౌక, ఆజ్ఞ వెలువడిన మరుక్షణమే దూసుకుపోయే, ఫేజర్ అనే కల్పిత ఆయుధపు కిరణం. ఆ ఏడాది డిసెంబరు 15న ప్రసారమైన ‘బ్యాలెన్స్ ఆఫ్ టెర్రర్’ అనే భాగంలో కెప్టెన్ కిర్క్, కంటికి కనబడకుండా మాయమయ్యే, రోమ్యులన్లు అనే గ్రహాంతరవాసుల నౌకను వెంటాడతాడు. ఆ కథకు నమూనా 1957 నాటి ‘ది ఎనిమీ బిలో’ అనే జలాంతర్గామి యుద్ధచిత్రం. అంటే ప్రేక్షకులు అంతరిక్ష యుద్ధంగా చూసినది నిజానికి సముద్రయుద్ధమే. నీటిని తీసివేసి ఆ స్థానంలో శూన్యాన్ని ఉంచినప్పుడు అదే యుద్ధం సాధ్యమవుతుందా అని ప్రశ్నించుకుంటే, ఎక్కడ కొట్టాలి, దేనితో కొట్టాలి, కొట్టిన తరువాత ఏమవుతుంది అన్న మూడు విషయాలలోనూ భౌతికశాస్త్రం చెప్పే సమాధానం తెరపై కనిపించే దానికి భిన్నంగా ఉంటుంది.

పాతబడిన నీడ

శూన్యంలో కాంతి సెకనుకు 2,99,792 కిలోమీటర్లు ప్రయాణిస్తుంది. భూమిపై పనులకు ఈ వేగం అనంతమనిపించినా అంతరిక్ష దూరాల ముందు అది పరిమితమైనదే; చంద్రుడి నుంచి బయలుదేరిన కాంతి భూమిని చేరడానికి దాదాపు 1.3 సెకన్లు, సూర్యుడి నుంచి వచ్చే కాంతికి సుమారు 8 నిమిషాల 20 సెకన్లు పడుతుంది. శత్రునౌక 3 లక్షల కిలోమీటర్ల దూరంలో ఉందనుకుంటే, కెప్టెన్ తెరపై చూస్తున్నది ఒక సెకను కిందటి నౌకను. అతడు ప్రయోగించే లేజర్ కిరణం అక్కడికి చేరడానికి మరొక సెకను కావాలి. ఈ రెండు సెకన్లలో శత్రునౌక, భూమిపై జారిపడే వస్తువుకు ఉండేంత త్వరణంతో, అంటే ప్రతి సెకనుకూ తన వేగాన్ని సెకనుకు 9.8 మీటర్ల చొప్పున పెంచుకుంటూ పక్కకు తొలగితే, ఊహించిన చోటుకు దాదాపు 20 మీటర్ల అవతల ఉంటుంది. దూరం పదిరెట్లు పెరిగి 30 లక్షల కిలోమీటర్లయితే ఆలస్యం కూడా పదిరెట్లయి 20 సెకన్లకు చేరుతుంది. అయితే నౌక తొలగే దూరం కాలపు వర్గాన్ని, అంటే కాలాన్ని కాలంతోనే గుణించగా వచ్చే సంఖ్యను అనుసరించి పెరుగుతుంది కనుక అది నూరురెట్లయి, ఇంచుమించు 2 కిలోమీటర్లవుతుంది.

ద్రౌపదీ స్వయంవరంలో అర్జునుడు నీటిలోని నీడను చూసి పైనున్న మత్స్యయంత్రాన్ని కొట్టాడు. ఆ నీడా ఆ చేపా దాదాపు ఒకే క్షణానివి కాబట్టి అక్కడ చేతి నేర్పు సరిపోయింది. తారానౌక కెప్టెన్‌కు కనిపించే నీడ మాత్రం పాతబడినది; దాని ఆధారంగా చేప ఇప్పుడెక్కడ ఉందో చెప్పడానికి నేర్పు చాలదు, శత్రువు ఎటు తొలగదలచాడో ముందే తెలిసి ఉండాలి. అందువల్ల దూరం పెరిగేకొద్దీ గురి అన్నది సంభావ్యతల లెక్కగా మారిపోతుంది.

విస్తరించే కిరణం

లేజర్ పుంజం ఎంత దూరం పోయినా దారంలా సన్నగానే ఉంటుందన్నది సినిమాలు కలిగించిన భ్రమ. కాంతికి తరంగ స్వభావం ఉన్నందువల్ల అది ఏ అద్దం నుంచి వెలువడినా కొంత మేరకు విచ్చుకుంటుంది. దీనిని వివర్తనం అంటారు. అద్దం పెద్దదైతే, తరంగదైర్ఘ్యం చిన్నదైతే ఈ విస్తరణ తగ్గుతుంది గాని పూర్తిగా పోదు. మీటరు వ్యాసం గల అద్దంతో, మీటరులో పదిలక్షల వంతు తరంగదైర్ఘ్యం గల పరారుణ లేజర్‌ను ప్రయోగిస్తే, 3 లక్షల కిలోమీటర్ల వద్ద ఆ వెలుగు దాదాపు 730 మీటర్ల వ్యాసం గల వృత్తంగా పరచుకుంటుంది. లేజర్ సామర్థ్యం పది లక్షల వాట్లయినా అక్కడ చదరపు మీటరుకు సగటున అందేది రెండు మూడు వాట్లకు మించదు. భూకక్ష్య దూరంలో సూర్యకాంతి చదరపు మీటరుకు సుమారు 1,361 వాట్లు ఉంటుంది కనుక, శత్రునౌకకు ఆ దాడి ఎండ తగిలినంతైనా ఉండదు. 1969లో అపోలో 11 వ్యోమగాములు చంద్రుడిపై అమర్చిన ప్రతిఫలకం వైపు భూమి నుంచి పంపే లేజర్ పుంజం కూడా, కొంత వాతావరణం వల్లనూ కొంత వివర్తనం వల్లనూ, అక్కడికి చేరేసరికి కిలోమీటర్ల వెడల్పవుతుంది. పైగా శూన్యంలో కాంతిని చెదరగొట్టే ధూళి లేదు కనుక ఆ కిరణం పక్కనుంచి చూసేవారికి కనబడదు. శబ్దాన్ని మోసే గాలి లేదు కనుక పేలుడు వినబడదు.

వేగమే ఆయుధం

కిరణం కంటే శూన్యంలో ప్రమాదకరమైనది వేగంగా వచ్చి తగిలే వస్తువు. చలనంలో ఉన్న వస్తువుకు ఆ చలనం వల్ల కలిగే గతిజశక్తి వేగపు వర్గాన్ని అనుసరిస్తుంది కాబట్టి, వేగం రెట్టింపైతే శక్తి నాలుగింతలవుతుంది. సెకనుకు 3 కిలోమీటర్ల వేగం గల కిలో బరువులో ఇంచుమించు ఒక కిలో టీఎన్‌టీ పేలుడు పదార్థంలో ఉన్నంత శక్తి ఉంటుంది. అదే వేగం 10 కిలోమీటర్లయితే 12 కిలోల టీఎన్‌టీతో సమానమవుతుంది. మందుగుండు లేని ఇనుప ముక్క కూడా అక్కడ బాంబే.

దీనికి నిదర్శనం నాసా చేపట్టిన డార్ట్ ప్రయోగం. భూమికి దాదాపు 1.1 కోట్ల కిలోమీటర్ల దూరంలో ఉన్న డైమార్ఫస్ అనే చిన్న గ్రహశకలాన్ని ఆ నౌక 2022 సెప్టెంబరు 26న సెకనుకు సుమారు 6.1 కిలోమీటర్ల వేగంతో ఢీకొని, తన జంట శకలం చుట్టూ అది తిరిగే కాలాన్ని 11 గంటల 55 నిమిషాల నుంచి 11 గంటల 23 నిమిషాలకు తగ్గించింది. అంత దూరం నుంచి సంకేతం భూమిని చేరడానికి అర నిమిషానికి పైగా పడుతుంది కనుక, చివరి నాలుగు గంటలూ నౌకలోని కంప్యూటరే కెమెరా చిత్రాలను చూసుకుంటూ దారి సరిదిద్దుకుంది. గురి తగిలిన సమయంలో ఆజ్ఞాపించే మనిషి ఎవరూ లేరు.

మనుషుల కోసం కట్టిన అంతరిక్ష కేంద్రంలో ఫిరంగిని అమర్చిన సందర్భం కూడా ఒకటుంది. 1974 జూన్‌లో కక్ష్యకు చేరిన సోవియట్ కేంద్రం సల్యూట్-3లో ఫిరంగిని కదలకుండా బిగించినందువల్ల, గురిపెట్టాలంటే మొత్తం కేంద్రాన్నే తిప్పవలసి ఉండేది. ప్రతి చర్యకూ సమానమైన ప్రతిచర్య ఉంటుందన్న న్యూటన్ నియమం ప్రకారం గుండు ముందుకు పోతే కేంద్రం వెనక్కి నెట్టబడుతుంది. 1975 జనవరిలో లోపల ఎవరూ లేనప్పుడే దానిని కాల్చి చూశారు.

దాగడానికి చోటు లేదు

కిర్క్ వెంటాడిన నౌకలా మాయమవడం మాటకొస్తే, అడ్డం వచ్చేది వేడి. యంత్రాలు, మనుషులు పుట్టించే వేడిని తీసుకుపోవడానికి శూన్యంలో గాలీ నీరూ ఉండవు; అది వికిరణంగా, అంటే ప్రధానంగా పరారుణ కాంతిగా మాత్రమే బయటికి పోవాలి. 27 డిగ్రీల సెల్సియస్ ఉష్ణోగ్రత గల ఉపరితలం చదరపు మీటరుకు దాదాపు 460 వాట్ల వరకు వెదజల్లుతుంది, వెనుకనున్న ఆకాశమేమో సున్నాకు 270 డిగ్రీలు దిగువన ఉంటుంది. ఆ చలిలో నౌక నిప్పుకణికలా బయటపడుతుంది. వేడిని లోపలే దాచుకుంటే సిబ్బంది ఉడికిపోతారు. పారిపోవడమూ సులభం కాదు. సెకనుకు 10 కిలోమీటర్ల వేగంతో పోయే నౌక పైన చెప్పిన త్వరణంతోనే వేగాన్ని తగ్గించుకుంటూ ఆగిపోవడానికి 17 నిమిషాలు, అదే వేగంతో వెనుదిరగడానికి 34 నిమిషాలు కావాలి. కాబట్టి రెండు నౌకలు దగ్గరయ్యే సమయాన్ని పంచాంగంలోని గ్రహణ సమయంలా చాలా వరకు ముందే లెక్కగట్టవచ్చు; ఆకస్మిక దాడికి అక్కడ మిగిలే అవకాశం స్వల్పం.

ఆజ్ఞ తరువాత

సముద్రయుద్ధంలో మునిగిన ఓడ అడుగుకు చేరి దారి వదులుతుంది. కక్ష్యలో పగిలిన నౌక మాత్రం శకలాలై, అవే వేగాలతో తిరుగుతూ, గెలిచినవారికీ ఓడినవారికీ ఒకే రీతిగా ముప్పు తెస్తుంది. 2007 జనవరి 11న చైనా తన ఫెంగ్‌యున్-1సి ఉపగ్రహాన్ని 865 కిలోమీటర్ల ఎత్తులో ధ్వంసం చేసినప్పుడు, గుర్తించదగిన పరిమాణం గల శకలాలే 3,000కు పైగా ఏర్పడ్డాయి. 2021 నవంబరు 15న రష్యా కాస్మాస్ 1408 ఉపగ్రహాన్ని పేల్చివేయగా, అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంలోని వ్యోమగాములు, రష్యన్లతో సహా, తమ తిరుగు ప్రయాణపు నౌకల్లో తలదాచుకోవలసి వచ్చింది. శ్రీహరికోట నుంచి 2019 జనవరి 24న కక్ష్యకు చేరిన మైక్రోశాట్-ఆర్ ఉపగ్రహాన్ని, అదే ఏడాది మార్చి 27న మిషన్ శక్తి పేరిట ఒడిశా తీరంలోని అబ్దుల్ కలాం దీవి నుంచి ప్రయోగించిన క్షిపణి నేరుగా ఢీకొని ముక్కలు చేసింది. శకలాలు త్వరగా వాతావరణంలోకి దిగి కాలిపోవాలనే ఉద్దేశంతోనే దానికి 300 కిలోమీటర్ల లోపు ఎత్తును ఎంచుకున్నారు.

అమెరికా, రష్యా, చైనా, భారత్ అనే ఈ నాలుగు దేశాలే ఇంతవరకు ఆయుధంతో ఉపగ్రహాలను కూల్చాయి, కూల్చినవన్నీ తమ సొంత ఉపగ్రహాలే. అంతరిక్షంలో పరాయి నౌకను ఆయుధంతో ధ్వంసం చేయించిన కెప్టెన్ కథల్లో తప్ప చరిత్రలో ఇంకా లేడు.